రిజిస్టరుకు ఎక్కని మాట

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో వార్డు రిజిస్టర్లు నా చేతుల మీదుగా నడిచాయి. మూడున్నర నెలల పాటు ఒక్క కొట్టివేత కూడా లేకుండా నడిచింది వాటిలో ఒకటే. ఆ పేజీలు రాసింది నేను కాదు, మా వార్డులోనే మంచం ఉన్న ఒక రోగి. నర్సింగులోకి కొత్తగా వచ్చిన పిల్లలు పాత సంగతులు చెప్పమంటే కొత్త మాత్రలు వచ్చిన రోజుల గురించి చెబుతాను, ఆస్పత్రి తోటలో కాసిన గుమ్మడికాయల గురించి చెబుతాను. ఈ రిజిస్టరు సంగతి మాత్రం దాటవేస్తూ వచ్చాను. ఎనభై నిండాక ఇంకా దాటవేయడం బాగుండదు. ఆ ఏడాది డైరీ ముందు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పేర్లు రాయను. ఆనాటివాళ్ళ పిల్లలు కొందరు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు.

అరవైల మొదట్లో మాట. బెంగుళూరు నుంచి హొసకోటె వెళ్ళే దారిలో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న మానసిక వైద్యశాల ఉండేది. వెనక ప్రహరీ మీదుగా చూస్తే మహదేవపుర వైపు రాగి చేలు తప్ప మరేమీ కనిపించేవి కావు. నేను ఒంగోలు దగ్గర పల్లె నుంచి, మిషన్ ఆస్పత్రిలో నర్సింగు నేర్చుకుని, మగవాళ్ళ వార్డులో పగటి నర్సుగా చేరాను. ముప్పై రెండు మంచాల వార్డు. మా పైన గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ, ఆమె పైన డాక్టరు. నాతో పాటు పగటి డ్యూటీలో హొసకోటె దగ్గరి మనిషి ఒకాయన అటెండరుగా ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయనను అందరం పెద్దాయన అనే పిలిచేవాళ్ళం.

చాలామంది కేసు షీట్ల మీద స్కిజోఫ్రీనియా అని ఉండేది. వార్డులో మేము ఆ మాట వాడేవాళ్ళం కాదు. మా లెక్కలో రెండే జాతులు: గలాటా చేసేవాళ్ళు, చేయనివాళ్ళు. ప్రాణం తీసుకుంటారని అనుమానం ఉన్నవాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి తలుపు పక్కన ఒక రాతి పలక వేలాడదీశారు. దాని మీద సుద్దముక్కతో పేర్లు రాసి, డ్యూటీ మారేటప్పుడు గట్టిగా చదివి అప్పగించాలి. పలక చిన్నది. ఐదు పేర్లకే చోటు. ఆరో మనిషిని రాయాలంటే ఒకరిని చెరపాలి. ఐదుగురి కంటే ఎక్కువమందికి చావాలనిపించవచ్చునని ఆ పలక కొన్నవాళ్ళకు తోచలేదు, మాకూ తోచలేదు.

ఆ పలక మీద మొదటి పేరు ఎప్పుడూ ఒక జట్కా తోలేవాడిది. గుర్రం చచ్చిపోయాక మతి చెదిరిందని అతని అన్నదమ్ములు తెచ్చి చేర్చారు. పొద్దున లేవగానే వరండాలో నిలబడి ప్రకటించేవాడు.

"ఈ పొద్దు సాయంత్రానికి నేనుండను. చెప్పేసినాను. ఆమీట నన్ను అనొద్దు!"

"సరేలేప్పా" అనేవాడు పెద్దాయన, చీపురు ఆపకుండానే. "మధ్యాహ్నం ముద్ద తినేసి పోతావా, తినకుండానే పోతావా?"

"సారు ఏంది?"

"అవరెకాయ సారు." అక్కడివాళ్ళకు సారంటే రాగిముద్దలోకి పులుసు, అవరెకాయంటే అనపకాయ.

"అట్లయితే రేపు చూస్తాం."

వార్డంతా నవ్వేది. నేనూ నవ్వేవాడిని. అతను నవ్వేవాడు కాదు. ఆ సంగతి అప్పట్లో నేను గమనించలేదు.

ఇక రైటరు గురించి. ఆనేకల్‌లో పట్టు నేసే ఇంట పుట్టి, చదువుకుని, తాలూకా కచేరీలో దస్తావేజుల నకళ్ళు రాసే గుమాస్తా అయినాయన. వయసు ముప్పై నాలుగు. భార్య, బావమరిది బస్సులో తీసుకొచ్చినప్పుడు రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని ఉన్నాడు. తాను రాసిన నకళ్ళను ఎవరో పైకి చదువుతూ, తప్పులు పట్టి నవ్వుతున్నారని చెప్పాడు. ఆరు వారాల మాత్రలతో ఆ గొంతులు సన్నగిల్లాయి. దూది తీసేశాడు. దుప్పటి మడత పెట్టడం, పక్క మంచం ముసలాయనకు అన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టాడు. అందరూ రైటరప్ప అనేవాళ్ళు. నేను రైటరుగారూ అనేవాడిని.

ఒక సాయంత్రం నేను రిజిస్టరు రాస్తుంటే వచ్చి వెనక నిలబడ్డాడు. మా పద్ధతి ఏమిటంటే, పగలంతా ఒక్కో రోగి గురించి చిత్తు కాగితాల మీద రాసుకుని, నాలుగు గంటలకు వాటిని రిజిస్టరులోకి ఎక్కించాలి. మర్నాడు రౌండ్సులో డాక్టరు చదివేది ఆ రిజిస్టరే, అందుకని రాతంతా ఇంగ్లీషులోనే. నా రాత ఫరవాలేదు గానీ కొట్టివేతలు ఎక్కువ.

"సార్, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. "ఈ పేజీ నేను మళ్ళీ రాసిస్తానా?"

రాసిచ్చాడు. అచ్చు వేసినట్టుంది. మర్నాడు డాక్టరు ఆ పేజీ చూసి మెచ్చుకున్నాడు, చేతికి పని ఉండటం రోగికి మంచిదన్నాడు. సిస్టరమ్మ నా వైపు చూసి, "ఇన్నాళ్ళకు మన వార్డుకొక మనిషి దొరికాడయ్యా" అంది. ఆ రోజు నుంచి నేను చిత్తు కాగితాలు ఇచ్చేవాడిని, ఆయన నకలు రాసేవాడు, నేను కింద సంతకం పెట్టేవాడిని. రౌండ్సులో రిజిస్టరు పట్టుకుని డాక్టరు వెంట నడిచేదీ ఆయనే. నాకు రోజూ గంట సమయం మిగిలింది. ఆ గంటలో నా డైరీ రాసుకునేవాడిని.

తన గురించి నేను రాసిన వరుసను కూడా ఆయనే ఎక్కించేవాడు. శాంతంగా ఉన్నాడు, తిన్నాడు, నిద్రపోయాడు, సాయపడుతున్నాడు. మొదటి రోజే నాలుగో మాట దగ్గర ఆగాడు. "సాయపడుతున్నాడని నా చేత్తో నేనే రాసుకోవడం బాగుండదు సార్" అని వదిలేశాడు. మిగిలిన మూడు మాటలు మాత్రం మూడున్నర నెలలు రోజూ ఒకే కొలతలో, ఒకే వాలులో ఉన్నాయి. ఎవరూ ఏ రోజూ అలా ఒకేలా ఉండరన్న అనుమానం నాకు రావలసింది.

ఒకసారి పదిహేడో మంచం బదులు పంతొమ్మిది అని రాశాడు. నేను సంతకం పెట్టేశాక చూసుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు నేను రాగానే ఎదురొచ్చి, ఆ పేజీ మొత్తం మార్చి రాస్తానని బతిమాలాడు.

"ఒక్క అంకేగా రైటరుగారూ. ఎవరికేమవుతుంది?"

"అంకె మారితే మనిషి మారతాడు సార్."

సరే, రాయమన్నాను. అప్పుడు చెప్పాడు. ఏడేళ్ళ కిందట కచేరీలో ఒక నకలులో పొలం సర్వే నంబరు తప్పు రాశాడట. పై అధికారి ఆ పూటే పట్టుకుని దిద్దించాడు. ఎవరికీ గింజంత నష్టం జరగలేదు. అయినా ఆ రైతు ముఖం ఇప్పటికీ కళ్ళకు కడుతుందని, తనలాంటివాడు ఆ కుర్చీలో కూర్చోవడమే పాపమని అన్నాడు. గొంతులు మొదలయింది ఆ తర్వాత ఐదేళ్ళకు. ఆ రోజు నా డైరీలో ఏమి రాశానో చెబుతాను: "ఇంత శ్రద్ధ గల మనిషిని నేను చూడలేదు. మేమందరం నేర్చుకోవాలి."

డాక్టరు ఆయనను ఇంటికి పంపడానికి ఒక శుక్రవారం నిర్ణయించాడు. దానికి ముందు ఆదివారం ఆయన భార్య చూడటానికి వచ్చింది. భర్తతో గంటసేపు మాట్లాడి, వెళ్ళబోతూ వరండా చివర నా దగ్గర ఆగింది. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. చేతుల మీద పట్టు రంగు మరకలు.

"అన్నా, ఒక మాట. ఇంకో రెండు వారాలు ఇక్కడే పెట్టుకుంటారా?"

"ఎందుకమ్మా? బాగా తేరుకున్నారుగా."

"ఆయప్ప అరిచేటప్పుడు నాకు భయం లేదన్నా. గమ్మునుంటేనే భయం. ఇప్పుడు ఏమంటాడో తెల్సునా? నన్ను క్షమించు, నేను నీకు బరువయినాను అంటా ఉండాడు. అన్నీ నిదానంగా చెప్తా ఉండాడు, బజారుకు చీటీ రాసినట్ల."

"జబ్బు తగ్గాక అందరూ కొంచెం దిగులు పడతారమ్మా."

"ఇది జబ్బు కాదన్నా, గుణం. జబ్బుకు ముందే ఉండాది. పెండ్లయిన కొత్తలో చెయ్యి తగిలి పాలు ఒలికితే మూడు దినాలు మాట్లాడలే. నామీద కోపం కాదు, ఆయప్పమీద ఆయప్పకే. ఊరంతా క్షమించినా తాను క్షమించుకోడు. మీరు గొంతులు తగ్గించినారు, బాగుండాది. ఈ గుణాన్ని ఎవరు చూస్తా ఉండారు?"

"డాక్టరుగారికి చెబుతానమ్మా" అన్నాను.

"నోటితో చెప్తే మరిచిపోతారు. రాసుకోండన్నా."

నేను జేబులోంచి చిత్తు కాగితం తీసి, ఆమె ఎదుటే, ఆమె మాటలే తెలుగులో రాశాను. ఆమె అది చూసుకుని వెళ్ళింది.

నాలుగయింది. రైటరు సిరాబుడ్డి, కొలబద్ద సర్దుకుని, చెయ్యి చాచి కూర్చున్నాడు. ముప్పై ఒక్క కాగితాలు ఇచ్చాను. తన కాగితం కోసం ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు. అది నా జేబులో ఉంది. "నా భార్య నన్ను చూసి భయపడుతోంది, నేను చచ్చిపోతానని అనుకుంటోంది" అని ఆ మనిషి చేతనే ఎలా రాయించడం? "మీది ఎప్పటిలాగే" అన్నాను. శాంతంగా ఉన్నాడు, తిన్నాడు, నిద్రపోయాడు అని రాసి, సిరా అద్ది, నా ముందుకు తిప్పాడు. నేను సంతకం పెట్టాను.

సిస్టరమ్మ దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాను. ఆ ఒక్క వరుస నేనే రాస్తే ఎలా ఉంటుందని అడిగాను.

"ముప్పై ఒక్క వరసలు ఆయన రాతలో, ఒక్కటి నీ రాతలో ఉంటే ఆయనకు కనపడదా? రేపు రౌండ్సులో నోటితో చెప్పు."

"పోనీ, ఆయననే అడగనా సిస్టరమ్మా? మనసులో అట్లాంటిదేమైనా ఉందా అని."

ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వద్దబ్బాయ్! ఆ మాట నీ నోట రానీకు. లేని ఆలోచన పుట్టించినవాడివవుతావు. అడిగి మరీ చంపుతావా మనిషిని?"

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ రోజుల్లో అందరం అలాగే నమ్మాం. ఆ మాట పైకి అంటే అంటుకుంటుందని భయం. అనకపోతే లేనట్టేనని ధైర్యం.

ఇంటికి వెళ్ళి రైటరు భార్య మాటలన్నీ పొల్లుపోకుండా డైరీలోకి ఎక్కించుకుని, చిత్తు కాగితం చింపేశాను. చిత్తు కాగితాలు చింపేయడం నా అలవాటు.

సోమవారం రౌండ్సులో డాక్టరు వచ్చాడు. ఆయన పక్కన రిజిస్టరు పట్టుకుని రైటరు ఉన్నాడు. ఆయన ఎదుట ఎలా చెప్పను? రౌండ్సు అయ్యాక చెబుదామనుకుంటే ఆడవాళ్ళ వార్డు నుంచి పిలుపొచ్చి డాక్టరు వెళ్ళిపోయాడు. మంగళవారం ఆయన ఊళ్ళో ఏదో సమావేశానికి వెళ్ళాడు. రాత్రి డాక్టరు ఇంటికి వెళ్ళి తలుపు తట్టి చెప్పవచ్చు. ఆస్పత్రి ఆవరణలోనే ఇల్లు. కానీ అది పద్ధతి కాదు. నా జీవితమంతా పద్ధతిగా నడిచినవాడిని. బుధవారం చెబుదామనుకున్నాను.

మంగళవారం సాయంత్రం రైటరు రోజువారీ నకలు అయ్యాక లేవలేదు. వచ్చే నెల పేజీలన్నిటికీ ముందుగానే గీతలు గీసి, మొదటి వరుసలో అందరి పేర్లూ రాసి పెట్టాడు. నేను తిప్పి చూశాను. ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఆయన పేరు లేదు. శుక్రవారం ఇంటికి పోతున్నాడు కదా, సరిగ్గానే చేశాడనుకున్నాను. "ఇంత పని ఎందుకు పెట్టుకున్నారు?" అంటే, "మీకు కొట్టివేతలు ఎక్కువ కదా సార్" అని నవ్వి, పాళీ తుడిచి పెట్టాడు. ఆ నవ్వు చూసి నాకు మనసు తేలికపడింది. ఆయన భార్య ఊరికే భయపడిందనుకున్నాను. బుధవారం రౌండ్సులోనూ డాక్టరుకు చెప్పకుండా ఊరుకున్నాను. ఒక నిర్ణయానికి వచ్చేసిన మనిషి ముఖం కూడా అలాగే తేలికగా ఉంటుందని నాకు తర్వాత ఎప్పటికో తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ జట్కావాడు కంచం విసిరేశాడు. ఎవరో గుర్రం మాట ఎత్తి వెక్కిరించారట. కిటికీ చువ్వలు పట్టుకుని తల బాదుకోవడం మొదలుపెట్టాడు. నేను, పెద్దాయన, పక్క వార్డు నుంచి వచ్చిన మరో ఇద్దరు కలిసి పట్టుకుని, ఇంజక్షను ఇచ్చి పడుకోబెట్టేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వార్డంతా గుమికూడి చూసింది. తర్వాత పెద్దాయన అలవాటు ప్రకారం తలలు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు.

"రైటరప్ప లేడే?"

"తోటలో ఉంటాడు" అన్నాను.

పలక మీద పేరు లేనివాళ్ళు తోటలోకి స్వేచ్ఛగా వెళ్ళవచ్చు. ఆయనను ఏనాడూ ఎవరూ ఎక్కడికని అడగలేదు. పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని, తొందర లేకుండానే వెళ్ళాడు. వెతికి పట్టుకున్నది ఆయనే. వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చాడు, నన్ను చూసి వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

ఎలా జరిగిందో ఇక్కడ రాయను. డైరీలో కూడా రాయలేదు. డాక్టరు వచ్చేసరికే చేయడానికేమీ లేకపోయింది. చేయవలసిన పనులకు ఆదివారం నుంచి మూడు రోజుల వ్యవధి ఉండింది.

గురువారం డాక్టరు గదిలో విచారణ జరిగింది. సిస్టరమ్మ, పెద్దాయన, నేను. డాక్టరు మనిషి రాత్రికి రాత్రి వాడిపోయాడు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. మూడున్నర నెలల పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.

"ఎవరైనా ఏమైనా గమనించారా?"

"సుమ్నె, గమ్మున ఉన్నోడు సార్" అన్నాడు పెద్దాయన. "గలాటా చేసేవాళ్ళ దగ్గర మేముంటిమి. ఆయప్ప ఇట్ల చేస్తాడని దేవుడు చెప్పినా నమ్మకపోతా ఉంటిమి."

సిస్టరమ్మ నా వైపు చూడలేదు. నేను ఆమె వైపు చూడలేదు. డాక్టరు నన్ను అడిగాడు.

"రిజిస్టరులో ఏమీ లేదు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధమై ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుని తేలికపడేవాడిని.

ఎవరో ఒకరి మీద చర్య ఉండాలని పైవాళ్ళు అడిగారు. రోగి తోటలోకి వెళ్ళిన సమయంలో వార్డు లెక్క పెద్దాయనది. ఆయనను వార్డు నుంచి తీసేసి గేటు దగ్గర వేశారు. పద్దెనిమిదేళ్ళుగా వార్డులో పని చేసిన మనిషి. మొదటి రోజు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆయనను దాటి లోపలికి వెళ్ళాను. "ఏమప్పా, బాగుండావా?" అన్నాడు. తల ఊపాను.

మూడు వారాలకు రైటరు భార్య ఆయన సామాను కోసం వచ్చింది. రెండు పంచెలు, రెండు చొక్కాలు, కళ్ళజోడు, ఒక సంచి. సంతకం పెట్టి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ పొద్దు నేను చెప్పినది రాసుకుంటిరి కదన్నా. డాక్టరయ్య చదివినాడా?"

చదివాడని చెబితే కోపం డాక్టరు మీదికి పోతుంది. ఆమెకు ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకునే అవసరం ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

"లేదమ్మా. నేను చూపించలేదు."

తిట్టలేదు, ఏడవలేదు. "యాల?" అంది.

కారణం చెప్పాను. ఆయన చేత ఆ మాటలు రాయించలేక ఆగిపోయానని. చెబుతుంటే నాకే అది ఎంత చిన్న కారణమో వినిపించింది.

"చదువుకున్నోడు ఇట్ల చేసినాడే అని ఊళ్ళో అందరూ ఆయప్పనే అంటా ఉండారు" అంది. "మీరన్నా ఒకరు మీమీద వేసుకుంటిరి." సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. అది క్షమించడం కాదు. నేనూ అలా అనుకోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి డైరీ తీసుకుని, పద్ధతి మానేసి, డాక్టరు ఇంటి తలుపు తట్టాను. ఆయన వరండాలో నిలబడే ఆదివారం పేజీ చదివించుకున్నాడు. రెండోసారి చదవమన్నాడు. ఆయన తమిళుడు. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు.

"ఇంత బాగా రాశావు. నాకెందుకు చూపించలేదు?"

"ఆయన తన గురించి తానే నకలు రాయాలి కదా సార్. చదివితే నొచ్చుకుంటాడని."

"ఆయనకు తెలియని సంగతి అందులో ఏముంది?"

డాక్టరే మళ్ళీ అన్నాడు, నాతో కాక తనతో చెప్పుకుంటున్నట్టు. "మాత్ర గొంతులను తగ్గిస్తుంది. స్వభావం జోలికి పోదు. గొంతులు ఆగాక ఆయనకు తన బతుకు స్పష్టంగా కనిపించి ఉంటుంది. ఉద్యోగం, భార్య, ఊళ్ళో మాట. తనను తాను క్షమించుకోలేని మనిషికి ఆ చూపు ఎంత బరువో నేను అడగలేదు. తేరుకున్నాడని మనం సంతోషపడ్డాం. ఆ రిజిస్టరు ఆయన చేతికి రావడానికి సరేనన్నది నేను." తలుపు వేసుకోబోతూ ఒక మాటన్నాడు: "రేపటి నుంచి అడుగు. నోరు తెరిచి అడుగు. అడిగితే పుట్టదు ఆ ఆలోచన. ఉంటే బయటికి వస్తుంది."

పెద్దాయనను తిరిగి వార్డుకు తెమ్మని డాక్టరు రాశాడు. నేను గేటు దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పాను, నా వల్ల ఆయనకు శిక్ష పడిందని చెప్పాను. ఆయన స్టూలు మీది నుంచి లేవలేదు.

"నీకు తెల్సినా గమ్మునుంటివా?"

"ఉన్నాను."

"నేను ఇరవై దినాలుగా నిద్దరలో తలకాయలు లెక్కపెడతా ఉండాను. ముప్పై ఒకటే వస్తా ఉండాది. నీకు తెల్సునా అది?" రోడ్డు వైపు తిరిగాడు. "లోపలికి నేను రానప్పా. ఇక్కడ బాగుండాది. వచ్చేవాళ్ళు వస్తారు, పొయ్యేవాళ్ళు పోతారు, లెక్క తేలతాది." రిటైరయ్యే దాకా గేటు దగ్గరే ఉన్నాడు. రోజూ పలకరించాడు. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను చేసిన ఇంకో తప్పు కూడా చెప్పాలి. గలాటా చేసేవాళ్ళను వదిలేసి నిశ్శబ్దంగా ఉన్నవాళ్ళందరి వెంటా పడ్డాను. దుప్పటి చక్కగా మడత పెట్టినవాడు కనిపిస్తే పలక మీద పేరు రాసేవాడిని. ఒక బడిపంతులు విసిగిపోయి, "నేను పుట్టినప్పటి నుంచీ తక్కువ మాట్లాడేవాడినే సార్, మా అమ్మను అడగండి" అన్నాడు. ఒక పాత గీత చెరిపి దాని పక్కనే కొత్త గీత గీసుకున్నానని అప్పటికి గ్రహించాను. మనుషులను మళ్ళీ రెండు జాతులుగానే చూస్తున్నాను. జాతులు తారుమారయ్యాయి, అంతే. ఏ మనిషినీ ఇంకా ఏమీ అడగలేదు. డాక్టరు చెప్పి నెల దాటినా ఆ ప్రశ్న నా నోట రాలేదు. ప్రతిసారీ సిస్టరమ్మ అడ్డం పెట్టిన చేతులు కనిపించేవి.

ఒక పొద్దున డ్యూటీకి వచ్చేసరికి జట్కావాడు వరండాలో నిలబడి ఉన్నాడు. పెద్దాయన వెళ్ళాక అతని ప్రకటనలకు జవాబిచ్చేవాళ్ళు లేరు. గొంతు కూడా తగ్గింది.

"ఈ పొద్దు సాయంత్రానికి నేనుండను" అన్నాడు, ఎవరికీ కాకుండా.

నేను అతని ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఎగతాళి చేస్తున్నానేమోనని నా ముఖంలో వెతికాడు. తర్వాత గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి నేల మీద కూర్చున్నాడు.

"రెండేండ్లయింది" అన్నాడు. "దినామూ చెప్తా ఉండాను. సారు ఏమని నేను అడిగితే మీరు చెప్తిరి. నన్ను మాత్రం ఒక్కరూ అడగలే." పక్కన నేల మీద అరచేత్తో దుమ్ము తుడిచాడు. "కూర్చోప్పా. ఇది ఒక్క మాటలో అయ్యేది కాదు."

కూర్చున్నాను. ఆ పూట రౌండ్సు వేళకు ఏ కాగితమూ సిద్ధం కాలేదు.